హన్నమ్మ కొరకు ప్రార్థన

హన్నమ్మ లోపల ఇంకో హన్నమ్మ ఉందని ముప్పై ఏళ్ళపాటు ఎవరికీ తెలియదు. తెలిసిన రోజున మాత్రం ఒక్కసారిగా, మైకులో, పేట మొత్తానికీ తెలిసింది. ఆ మైకు పట్టుకున్నది పరాయి మనిషైతే ఈ కథ చెప్పాల్సిన పనే లేదు.

రాజుపాలెం దాటాక హైవే పక్కన ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. దాని వెనక రేకుల షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళు కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తారు. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, మూతికి గుడ్డ, చేతులకు ఆముదం. కాయ అందుకోవడం, తొడిమ గిల్లడం, మంచి కాయ గంపలోకి, తాలు కాయ పక్కకి. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా అదే పని. చేతులకు ఊపిరాడదు, బుర్రకు పనుండదు. కొందరు సీరియళ్ళ గురించి మాట్లాడుకుంటారు, కొందరు పాటలు కూనిరాగం తీస్తారు, ఎక్కువమంది కోడళ్ళను తిడతారు. హన్నమ్మ ఇవేవీ చేయదు. ఆమె వెళ్ళిపోతుంది.

ఎక్కడికో చెప్పాలంటే ఆమె ఏడో తరగతి దగ్గరికి పోవాలి. ఆ ఏడు బడిపిల్లల్ని బస్సులో విజయపురి సౌత్ తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి లాంచీలో నాగార్జునకొండ చూపించుకొచ్చారు. కొండమీద మ్యూజియంలో ఏం చూసిందో హన్నమ్మకు ఒక్క ముక్క గుర్తులేదు. గుర్తున్నదల్లా రేవు దగ్గర టికెట్ల కౌంటరు. ఆ కిటికీ వెనక ఒకామె కూర్చుని ఉంది. చేతికి గడియారం, కొంగుకు పిన్ను, ముందొక స్కేలు. టికెట్ల పుస్తకం మీద స్కేలు ఆనించి, సర్రున చింపి అందిస్తోంది. జనం మీద పడుతుంటే తలెత్తకుండానే "వరసలో రండి" అంది. ప్యాంటూ షర్టూ వేసుకున్న పెద్దమనుషులు కూడా నోరు మూసుకుని వరసలోకి వచ్చారు. ఆడమనిషి ఒక్క మాటంటే మగవాళ్ళు వరసలో నిలబడటం హన్నమ్మ చూడటం అదే మొదలు. ఆ తర్వాత ఇంతవరకు మళ్ళీ చూడలేదు.

మరుసటేడు బడి మాన్పించి పత్తి తీయడానికి పంపారు. ఆ పత్తి చేలోనే ఆమె మొదటిసారి అటు వెళ్ళింది. దానికి ఆమె పెట్టుకున్న పేరు అదే, "అటెళ్ళటం". మొదట్లో ఊరికే కౌంటరులో కూర్చుని టికెట్లు చింపేది. ఏళ్ళు గడిచేకొద్దీ కౌంటరు పైన ఒక గది వచ్చింది. గదికి నీళ్ళవైపు కిటికీ, కిటికీకి నీలం కర్టెను. పెళ్ళయిన ఒకటి రెండేళ్ళకు ఆ గదిలోకి ఒక మనిషి వచ్చాడు. లాంచీ నడిపే సరంగు.

ఆ సరంగుకు పేరు లేదు. మొహం కూడా లేదు. ఖాకీ చొక్కా ఉంది, పిక్కలదాకా తడిసిన ప్యాంటు ఉంది. ఆఖరి లాంచీ కట్టేసి, మెట్లెక్కి వచ్చి, గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని, "ఈరోజు ఎవరెవరొచ్చారు?" అని అడుగుతాడు. ఆమె చెబుతుంది. కారంపూడి నుంచి వచ్చిన ముసలి దంపతుల సంగతి, నీళ్ళు చూసి భయపడి లాంచీ ఎక్కనన్న కొత్త పెళ్ళికూతురి సంగతి, పిల్లల్ని లెక్కపెట్టుకుని ఒకడు తక్కువయ్యాడని గుండెలు బాదుకున్న పంతులుగారి సంగతి. సరంగు వింటాడు. మధ్యలో "తర్వాత?" అంటాడు. అంతే. అంతకుమించి ఆ గదిలో ఏమీ జరగదు. ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే చాలా జరిగిందని తర్వాత పేటంతా చెప్పుకున్నారు.

ఇంత కట్టుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది, ఆమెకేం తక్కువ అని అడిగేవాళ్ళుంటారు. అలాంటివాళ్ళను తీసుకొచ్చి ఒక్క పూట ఆ ఘాటులో కూర్చోబెట్టాలి. మొగుడు చెడ్డవాడా అంటే, కాదు. చిక్కంతా అక్కడే ఉంది. తాగొచ్చి తన్నే మొగుడైతే పెళ్ళాం ఏం ఊహించుకున్నా లోకం పోనీలే పాపం అంటుంది. దేవానందం తాగడు, కొట్టడు. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీకి వెళ్ళి, సాయంత్రం తెల్లటి దుమ్ముతో తిరిగొచ్చి, ఒళ్ళు కడుక్కుని, అన్నం తిని, ఫోను చూసుకుంటూ పడుకుంటాడు. పాతికేళ్ళ కాపురంలో ఆయన ఆమెను అడిగినవన్నీ తువ్వాలు ఏదీ, బియ్యం ఉన్నాయా, కూతురు ఫోను చేసిందా వంటివే. ఆ ఒక్క కూతురు షెర్లీ పెళ్ళి చేసుకుని అచ్చంపేట వెళ్ళాక మూడో ప్రశ్న ఒక్కటే కొత్తగా చేరింది.

హన్నమ్మ షెడ్డులో అటు వెళ్ళేది, అంట్లు తోముతూ వెళ్ళేది, గుడిలో, అంటే పేట చర్చిలో కూడా వెళ్ళేది. ప్రార్థనలో కళ్ళు మూసుకోవాలని ఎవరు పెట్టారో గానీ, పాస్టరు అయ్యగారు ముప్పావుగంట ప్రార్థన చేసేవారు, హన్నమ్మకు ముప్పావుగంట కౌంటరు దొరికేది. ముందే దేవుడికి ఒక క్షమాపణ చెప్పుకుని మరీ వెళ్ళేది. దేవుడికి అభ్యంతరం ఉన్నట్టు ఎప్పుడూ అనిపించలేదు.

పోయిన ఏడు ఫిబ్రవరిలో, కాయలు ముమ్మరంగా వస్తున్న రోజుల్లో, ఈ గుట్టు మొదటిసారి పెదవి దాటింది. షెడ్డు చూసుకునే జాన్ సాహెబ్ గంపలు రాసుకుంటూ వరస వెంట వచ్చి, "హన్నమ్మా, ఎన్నయినయ్?" అని అడిగాడు. హన్నమ్మ తల ఎత్తకుండానే, "పెద్దోళ్ళు ఎంతమంది, పిల్లలెంతమంది?" అంది.

షెడ్డంతా గొల్లున నవ్వింది. జాన్ సాహెబ్ పెద్ద మనిషి, అరవై దాటినవాడు, నవ్వాపుకుంటూ, "పెద్దదానివి నువ్వు, పిల్లోణ్ణి నేను. ముందు గంపలు చెప్పమ్మా," అన్నాడు. అందరూ నవ్వి ఊరుకున్నారు. హన్నమ్మ పక్కన కూర్చునే రాహేలమ్మ మాత్రం ఊరుకోలేదు.

రాహేలమ్మ అంటే హన్నమ్మకు వరసకు వదిన, గోడకు గోడ ఇల్లు, పన్నెండేళ్ళుగా షెడ్డులో పక్క చోటు. మొగుడు పోయి ఆరేళ్ళయింది. గుడిలో స్త్రీల కూటానికి ఆమే పెద్ద. షెర్లీకి కాన్పు కష్టమైనప్పుడు నరసరావుపేట ఆస్పత్రిలో మూడు రోజులు హన్నమ్మతో పాటు బెంచీ మీద పడుకున్న మనిషి. పేటలో సగం మంది గుట్టు ఆమె కడుపులో ఉంది, ఒక్కటీ బయటికి పొక్కలేదు. ఇంతకన్నా నమ్మదగిన మనిషిని ఎక్కడ తేగలదు ఎవరైనా?

"ఏంది వదినా ఆ మాట? పెద్దోళ్ళేంది, పిల్లలేంది?" అని రాహేలమ్మ మూడు రోజులు వెంటపడింది. నాలుగో రోజు ఇంటికి నడిచి వస్తూ హన్నమ్మ చెప్పేసింది. ముందు కౌంటరు గురించే చెప్పి ఆగుదామనుకుంది గానీ, ముప్పై ఏళ్ళు మూసిపెట్టిన మూట, ఒక ముడి విప్పితే ఆగుతుందా? గది, కర్టెను, సరంగు, అన్నీ చెప్పింది. చెప్పి, ఇప్పుడు నవ్వుతుందని భయంగా చూసింది.

రాహేలమ్మ నవ్వలేదు. "అదృష్టవంతురాలివే," అంది.

ఆ తర్వాత నెల రోజులు హన్నమ్మకు బతుకులో ఎన్నడూ లేనంత బాగా గడిచాయి. పొద్దున షెడ్డులో కూర్చోగానే రాహేలమ్మ గుసగుసగా, "ఇయాల ఎవరొచ్చారే మీ కౌంటరుకి?" అని అడిగేది. నీలం కర్టెను మాసిపోతుంది, ముదురు రంగుది వేయమని సలహా చెప్పేది. ఒకరోజు సరంగుకు మీసం పెట్టమంది.

"మొహమే లేదంటంటే మీసం యాడ పెట్టను?" అంది హన్నమ్మ.

ఇద్దరూ మూతిగుడ్డలు జారిపోయేదాకా నవ్వి, ఘాటు ముక్కుల్లోకి పోయి, కళ్ళనీళ్ళు పెట్టుకుని దగ్గారు. ఒంటరిగా వెళ్ళే చోటుకు తోడు దొరికితే ఇంత బాగుంటుందని హన్నమ్మకు తెలియదు.

ఒక మధ్యాహ్నం సద్ది తింటూ రాహేలమ్మ, "నన్నూ ఒకసారి తీసకపో వదినా. ఆ కిటికీ కాడ కూకుంటా. నీళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో," అంది.

హన్నమ్మ నిజాయితీగా ప్రయత్నించింది. ఆ పూటంతా కళ్ళు వాల్చి రాహేలమ్మను మెట్లెక్కించింది. ఎక్కించగానే రాహేలమ్మ చీపురందుకునేది. స్టూలు ఇక్కడెందుకు, పొయ్యి అటెందుకు అనేది. సరంగు గుమ్మం దాకా వచ్చి, లోపల ఇంకొకరున్నారని చూసి దిగిపోయేవాడు. రెండు రోజులు ఇలా అయ్యాక హన్నమ్మ ఉన్నమాట చెప్పింది. "రావట్లేదు వదినా. గది చిన్నది. నువ్వొస్తే ఆయన ఉండట్లేదు."

రాహేలమ్మ చేతిలో కాయ చేతిలోనే ఆగింది. "అట్నా," అంది. తొడిమ గిల్లి ఇంకో కాయ అందుకుంది.

ఒక్క అబద్ధం ఆడితే పోయేది. కిటికీ దగ్గర కూర్చోబెట్టాను, టీ ఇచ్చాను అంటే సరిపోయేది, రాహేలమ్మ వచ్చి చూస్తుందా ఏమన్నానా? ఇంట్లో, షెడ్డులో, గుడిలో అవసరానికి తగ్గ అబద్ధాలు హన్నమ్మా ఆడుతుంది. ఆ గది గురించి మాత్రం ఆడలేకపోయింది.

శుక్రవారం ఉపవాస ప్రార్థన పది గంటలకు మొదలవుతుంది. పనికి సెలవు పెట్టగలిగినవాళ్ళంతా వస్తారు. వాళ్ళ గుడిలో ఒక పద్ధతుంది. ప్రార్థన అంశాలు ఎవరికి వాళ్ళు మైకు పట్టుకుని చెప్పాలి. జ్వరమా, గేదె ఈనడమా, కొడుకు పరీక్షా, ఏదైనా సరే దాచకుండా చెప్పాలి. దేవుడి దగ్గర సగం దాచితే ప్రార్థన సగమే ముడుతుందని వాళ్ళ నమ్మకం. వేరేవాళ్ళ తరఫున కూడా చెప్పొచ్చు. దాన్ని చాడీ అని ఎవరూ అనరు, ప్రేమ అంటారు. మైకుకు గుడి కప్పు మీద రెండు హారన్లు తగిలించి ఉన్నాయి, ఒకటి పేటవైపు, ఒకటి బస్టాపు వైపు.

ఆ శుక్రవారం అంశాలు చెప్పేవేళకు హన్నమ్మ కళ్ళు మూసుకుని కౌంటరులో ఉంది. చానా మంది వచ్చారు ఆ పూట. టికెట్లు చింపుతుంటే వెనక నుంచి ఎవరో "హన్నమ్మ" అన్నట్టు వినిపించింది. సరంగే పిలిచాడనుకుంది. ఇన్నేళ్ళలో ఆయన పేరుతో పిలవడం అదే మొదలని మురిసిపోతూ తల తిప్పింది. అప్పుడు మిగతా మాటలు వినబడ్డాయి.

"మన సహోదరి హన్నమ్మ కొరకు భారంగా ప్రార్థన చెయ్యాల," అంటోంది రాహేలమ్మ గొంతు. "పైకి మనతోటే ఉంటది గానీ మనసీడ లేదు. సాగర్ కాడ ఆమెకి ఇంకో ఇల్లుంది. ఆ ఇంట్లో ఇంకో పురుషుడున్నాడు, లాంచీ నడిపే ఆయన. పనిలో, ఇంట్లో, ఆకరికి ఈ ప్రార్థనలో గూడా ఆయన కాడికే పోతంది. మనసులోనే అనుకోండి, అయినా తప్పు తప్పే గదా. ఈ బంధకం నుంచి ఆమెకి విడుదల కావాల."

హన్నమ్మ కళ్ళు తెరిచింది. ముప్పై మంది ఆడవాళ్ళు ముసుగులు వేసుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ ఆమె కోసం ప్రార్థిస్తున్నారు. కొందరు ఏడుస్తున్నారు కూడా. ఎవరో వచ్చి ఆమె నెత్తిమీద చెయ్యి పెట్టారు. ఆ చెయ్యి ఆముదం వాసన వేసింది. పన్నెండేళ్ళుగా పక్కన ఉన్న చెయ్యి, తలెత్తి చూడక్కర్లేకుండానే రాహేలమ్మదని తెలిసింది.

లేచి పోవచ్చు కదా అనొచ్చు మీరు. తిట్టేవాళ్ళ మధ్యలోంచి లేచి పోవచ్చు. మన మేలు కోరి కన్నీళ్ళు కారుస్తున్నవాళ్ళ మధ్యలోంచి ఎలా లేచిపోతాం? హన్నమ్మ ఆ చెయ్యి కింద అలాగే కూర్చుంది. అవమానం కన్నా ముందు ఆమెకు తట్టింది వేరే. ఆ సరంగును చేతులారా రాహేలమ్మ ముందు కూర్చోబెట్టింది తనే కదా అని.

"మనసులోనే" అన్న మాట నోటినుంచి నోటికి పోతూ బస్టాపు చేరేలోపే రాలిపోయింది. సాయంత్రానికి హన్నమ్మకు సాగర్‌లో కాపురం ఉంది. మరుసటిరోజుకు లాంచీ ఆయన పోయిన సంక్రాంతికి పేటకు వచ్చి చూసి వెళ్ళాడు కూడా. పంపు దగ్గర ఆడపిల్లలు, "అత్తా, సాగర్‌కి ఏ బస్సెక్కాల?" అని అడిగి పారిపోయారు. అచ్చంపేట నుంచి షెర్లీ ఫోను చేసింది. "ఏందమ్మా ఇది? మా అత్త అడగతంది. ఎవురే ఆయన?" అని ఏడ్చింది. షెడ్డులో కొందరు ఆ మనిషి లాంచీ ఆయన కాదు, జాన్ సాహెబే అన్నారు. ఆ రోజు నుంచి పాపం జాన్ సాహెబ్ హన్నమ్మ గంపలు లెక్కపెట్టడానికి వేరే మనిషిని పంపడం మొదలుపెట్టాడు.

దేవానందం ఆ శుక్రవారం సాయంత్రం బస్టాపులోనే విన్నాడు. ఇంటికొచ్చి, ఒళ్ళు కడుక్కుని, అన్నానికి కూర్చున్నాడు. సగం తిన్నాక అడిగాడు.

"ఆయన పేరేంది?"

"పేరు లేదు."

"పేరు లేని మనిషి ఎట్టుంటాడు?"

"మొహం గూడా లేదు. ఊరికే నా మనసులో అల్లుకున్నదయ్యా. ఏసు ప్రభువు తోడు."

దేవానందం అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. కేకలేస్తే బాగుండుననిపించింది హన్నమ్మకు. "మరొచ్చి ఏం చేస్తాడు?" అన్నాడు.

"అడుగుతాడు."

"ఏమని?"

"ఈరోజు ఎవరెవరొచ్చారు, ఏం జరిగిందని."

ఆయనకు ఇది అర్థం కావడానికి చాలా సేపు పట్టింది. చెయ్యి కడుక్కుని వచ్చి, గోడకానుకుని, ఆమెవైపు కాకుండా గుమ్మంవైపు చూస్తూ, "ఇయాల ఏం జరిగింది?" అని అడిగాడు. అడగడం చేతకాని మనిషి కష్టపడి అడిగాడు. ఏం చెబుతుంది? ఆ రోజు జరిగిందేమిటో బస్టాపు దాకా తెలుసు. హన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ తర్వాత దేవానందం రోజూ అన్నం తినగానే అదే ప్రశ్న అడిగేవాడు. అడిగి ఫోను తీసుకునేవాడు. ఆమె "ఏం లేదు" అనేది. మంచి మనసుతోనే అడిగాడు, కాదనను. కానీ ఆ మాట ఇక సరంగుది కాకుండా పోయింది.

సోమవారం షెడ్డులో రాహేలమ్మ ఎప్పటిలాగే వచ్చి పక్కన కూర్చుంది. ఆ మనిషి గుండె ధైర్యం అలాంటిది.

"ఎందుకు చెప్పావు వదినా?" అంది హన్నమ్మ.

"నీ మంచికే."

"నిన్ను నమ్మి చెప్పుకున్నా గదా."

"నేను దేవుడి కాడ చెప్పా. మనుషుల కాడ చెప్పలా."

"మైకులో చెప్పావు."

"ప్రార్థన మైకులో గాక యాడ చేస్తారు?"

హన్నమ్మకు ఒళ్ళు మండింది. "మరి నీ కోడలు నీ మీద చెయ్యి చేసుకున్న సంగతి రెండేళ్ళ నించీ నా కడుపులో ఉంది. వచ్చే శుక్రవారం దాన్నీ ప్రార్థనకి పెట్టమంటావా?"

రాహేలమ్మ మొహం పాలిపోయింది. చేతిలో కాయలు గంపలో పడేసి, గొంతు తగ్గించి, "పెట్టుకో," అంది. "నాకేముందని? నీకు ఇల్లుంది, పక్కన మొగుడున్నాడు. అది చాలక సాగర్ కాడ ఇంకో ఇల్లు, ఇంకో మనిషి. కోడలు తన్నిన నాడు నేను యాడికి పోవాలో తెలవక గుడి మెట్ల మీద కూకున్నా. నీ కాడ అంత పెద్ద ఏరుంటే, ఒక్క పూట కిటికీ కాడ కూకుంటానంటే, నేను పనికిరాకపోతినే!"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. హన్నమ్మ నానబోసిన గింజ పుచ్చిందే, కాదనలేం. కానీ ఆ పుచ్చులోంచి ఈ మాట వస్తుందని ఆమె అనుకోలేదు. క్షమించిందా అంటే, లేదు. ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని సాయంత్రం దాకా తొడిమలు గిల్లారు.

అసలు నష్టం అప్పటికింకా హన్నమ్మకు తెలియలేదు. పేట నాలుగు రోజులు నవ్వుతుంది, ఇంకొకరి సంగతి దొరకగానే మర్చిపోతుంది. షెర్లీ సర్దుకుంటుంది. ఇవన్నీ పోతాయి, కౌంటరు మాత్రం నాకు ఉంటుంది అనుకుంది. ఆ ధైర్యంతోనే మంగళవారం కళ్ళు వాల్చి అటు వెళ్ళింది.

కౌంటరు ముందు జనం ఉన్నారు. వరసలో మొదట రాహేలమ్మ. ఆమె వెనక పంపు దగ్గర ఆడపిల్లలు, బస్టాపు మగవాళ్ళు, షెర్లీ అత్త, అయ్యగారు. ఎవరూ టికెట్టు అడగడం లేదు. కిటికీలోంచి తొంగి చూస్తున్నారు, గదికి మెట్లు ఎటున్నాయని. హన్నమ్మ "వరసలో రండి" అంది. ఎవరూ వినలేదు. మరుసటిరోజు గదిలోకే వెళ్ళింది. సరంగు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ఆయనకు మొహం వచ్చింది. ఒకసారి జాన్ సాహెబ్ మొహం, ఒకసారి దేవానందం మొహం. ఆమె సిగ్గుతో బయటికి వచ్చేసింది. వారం తర్వాత గది లేదు. ఆ తర్వాత కౌంటరు లేదు. కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక మిరపకాయల కుప్ప, దానికి తొడిమలు, అంతే. షెడ్డులో పది గంటలు నిజంగా పది గంటలు ఉంటాయని ఆమెకు ఈ వయసులో తెలిసింది. వీపు నొప్పి ఇన్నేళ్ళూ ఎక్కడుందో, ఇప్పుడు పొద్దున తొమ్మిదింటికే మొదలవుతోంది.

గుడిలో మాత్రం వరసగా నాలుగు శుక్రవారాలు ఆమె కోసం ప్రార్థన జరిగింది. అయిదో శుక్రవారం అయ్యగారు ఆమెను పేరు పెట్టి పిలిచారు. దయగల మనిషే, పేటలో నవ్వులు ఆయన చెవినా పడ్డాయి. అందరి ముందూ ఒక సాక్ష్యం చెబితే ఆ మచ్చ పోతుందని ఆయన ఉద్దేశం.

"హన్నమ్మా, దేవుడు నీకేం చేశాడో వచ్చి చెప్పమ్మా. భయపడకు," అన్నారు.

హన్నమ్మ లేచి వెళ్ళి మైకు పట్టుకుంది. ఎదురుగా రెండో వరసలో రాహేలమ్మ కూర్చుని ఉంది. ఆమె కళ్ళలో భయం హన్నమ్మకు స్పష్టంగా కనబడింది. కోడలి సంగతి ఇప్పుడు చెబితే పేటవైపు హారనూ, బస్టాపు వైపు హారనూ రెండూ పలుకుతాయి. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. మంచితనంతో మానుకుందని అనుకోకండి. గుడి మెట్ల మీద కూర్చున్న మనిషిని మైకులో నిలబెట్టడం ఆమెకు చేతకాలేదు, అంతే.

"మీరు చేసిన ప్రార్థన దేవుడు విన్నాడు," అంది హన్నమ్మ. "నాకిప్పుడేం రావట్లా."

"స్తోత్రం," అన్నారు అందరూ.

"చిన్నపిల్లప్పటి నించీ ఉన్నది. పత్తి చేలో ఉన్నది, పురిటి నొప్పుల్లో ఉన్నది, మా అమ్మ చచ్చిపోయిన నాడు గూడా ఉన్నది. ఎప్పుడు పిలిస్తే అప్పుడొచ్చేది. ఇప్పుడు రావట్లా. కళ్ళు మూసుకుంటే మిరపకాయలే కనపడతన్నయ్."

"హల్లెలూయా!"

వాళ్ళకు అర్థం కాలేదేమోనని హన్నమ్మ మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, గట్టిగా, "పోయింది," అంది. "అంతా పోయింది. నాకింకేం లేదు."

గుడి చప్పట్లతో మారుమోగింది. అయ్యగారు చేతులు పైకెత్తారు. రాహేలమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. అది భయం తీరిన ఏడుపో, ఇంకేమో, హన్నమ్మ ఆగి చూడలేదు. మైకు ఇచ్చేసి వచ్చి తన చోట కూర్చుంది. కన్నీళ్ళు ఆగడం లేదు, తుడుచుకోవడం కూడా మానేసింది.

పక్కన కూర్చున్న ముసలామె ఆమె చెయ్యి అందుకుని రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"నిన్ను చూస్తంటే నాకూ ఏడుపాగట్లేదే తల్లీ. ఇంత ఆనందం ఎవురికొస్తది?"

"అవునత్తా," అంది హన్నమ్మ.